పదిహేనో అక్షరం

తెల్లవారుజామున నాలుగూ నలభైకి
గ్రిమ్స్‌బీ చేపల రేవు నుంచి ఫోను.
లెన్ ఆటర్బీ. తూకం బల్ల దగ్గర మనిషి.
మాట వెనక ఐసు పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు.
"నీ మిషను నా మాట వినటం లేదమ్మా.
గడువైపోయిందట, కొత్తది పెట్టాలట.
ఏది పెట్టినా నియమాలకి లోబడలేదంటుంది.
ఏడింటికి వేలం.
హాడక్ మూడొందల పెట్టెలు, లేబుల్ ఒక్కదానికీ లేదు."

కోటు మీద కోటు తొడుక్కుని వెళ్ళాను.

గోడ మీద నోటీసు, లామినేషన్ లోపలికి చెమ్మ:
పాస్‌వర్డుకి ఎనిమిది అక్షరాలు చాలు.
లెన్ పెట్టినవన్నీ అంతకన్నా పొడుగే.

మా తెలుగు మేష్టారు సుందరశివరావు గారు
పద్యం రాసిస్తే గురువులూ లఘువులూ గీసి
యతి కుదిరింది, ప్రాస కుదిరింది,
గణం తప్పింది పో, అని కాగితం వెనక్కి విసిరేవారు.
ఏ పాదంలోనో చెప్పేవారు కాదు.
ఈ సర్వరు ఆయన దగ్గరే చదువుకుని ఉండాలి.

నిబంధనలు తెరిచాను.
డొమైన్ మొత్తానికి ఒకటి: ఎనిమిది, గడువు లేదు.
రేవు విభాగానికి తగిలించింది ఇంకొకటి: పది.
ఇద్దరత్తలున్న ఇంట్లో కూర ఇది.
ఒకరికి ఉప్పెక్కువ, ఒకరికి చాల్లేదు.
పది పెట్టించాను. కాదంది.
పన్నెండు. కాదంది.
అప్పుడు తట్టింది,
విభాగానికి తగిలించిన కాగితం
యంత్రాల సొంత ఖాతాలకే, మనుషులకి కాదు.
ఇన్నేళ్ళూ ఒక్క మనిషినీ శాసించకుండా
దర్జాగా కుర్చీలో కూర్చునుంది.

తిట్టడానికి మనిషి దొరికాడు.
నాకు ముందు ఈ పని చేసిన గ్రెగర్ పోల్.
రిటైరై స్కెగ్‌నెస్‌లో కారవాన్ కొనుక్కున్నాడట.
వదిలిపోయిన గుంపులు,
గుంపుల కడుపులో గుంపులు.
అడుగున లెన్ పేరు!
లేబుల్ ప్రింటర్ బాగుచేసుకోవటానికి
ఒక్క పూట అధికారమిచ్చి
నిర్వాహకుల్లో చేర్చి మరిచిపోయాడు,
పదకొండేళ్ళ కిందట, ఒక మంగళవారం.

గెలుస్తున్న నిబంధన ఏదో చూపించమన్నాను.
పదిహేను అక్షరాలు, అరవై రోజుల గడువు.
వర్తించేది: నిర్వాహకులకి.
ప్రాధాన్యం: ఒకటి. ఇక్కడ చిన్న అంకెదే పెత్తనం.
పుట్టిన తేదీ: పోయిన గురువారం.
పుట్టించినవారు అన్న చోట
నా పేరు.

ఆడిటర్లు వస్తున్నారని
టీ చల్లారేలోపు చేసిన పని.
గ్రెగర్‌ని తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను.
సగం తీసుకున్నాను.

"పాతది ఎన్నక్షరాలు?"
అడగకూడదు. అడిగాను.
"పధ్నాలుగు."
"ఇంకొక్కటి చేరిస్తే సరిపోతుంది లెన్, ఒక్కటే."
తడి గ్లవ్ తీసి బల్ల మీద పెట్టాడు.
"పడవలో పధ్నాలుగు మందే పోయారు," అన్నాడు.
"పదిహేనోవాణ్ణి నేను. ఆ రోజు జ్వరం."

కాసేపు ఐసు కరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.
నా ఉద్యోగంలో వినకూడని మాట అది.
విన్నాను.

గుంపులోంచి లెన్‌ని తీసేశాను.
ఈ కబురు ఇమ్మింగ్‌హామ్ సర్వరుకి చేరటానికి పావుగంట.
ఇద్దరం కిటికీలోంచి చీకట్లో హంబర్‌ని చూస్తూ నిలబడ్డాం.
అది ఎప్పటిలాగే గోధుమరంగు, ఏమీ ఎరగనట్టు.

గడువు తీరిందన్న పాత మాట
గడువు లేని మాటైంది మళ్ళీ.
లెన్ ఒంటివేలితో కొడుతుంటే
మొహం గోడవైపు తిప్పుకున్నాను, మర్యాదకి.
చెవులకి మర్యాద తెలీదు, లెక్కపెట్టాయి.
పధ్నాలుగు.
ఒక్కో మీటకీ మధ్య
ఒక మనిషిని పలకరించి వచ్చేంత ఎడం.

ప్రింటరు దగ్గి మొదటి లేబుల్ ఊసింది.

కారణం అన్న గడిలో
"నిబంధనల మధ్య వైరుధ్యం" అని రాశాను.
"బాధ్యులు" గడిలో నా పేరే.

వెళ్తుంటే రెండు హాడక్‌లు కాగితంలో చుట్టిచ్చాడు.
బస్సులో నా పక్క సీట్లో
ఎవరూ కూర్చోలేదు.